బిల్దదు చెప్పిన వాగ్దానం

పోయిన నెల మా చెల్లెలు రూతు కంటి ఆపరేషన్ కోసం రాయదుర్గం నుంచి వచ్చి మా ఇంట్లో దిగింది. శుక్లం తీసిన తర్వాత కొన్నాళ్లు చదవకూడదని డాక్టరు చెప్పాడు. చదవకుండా ఉండలేని మనిషి. నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చుని, "నువ్వు చదువన్నా, నేను వింటా" అంది. నాకు లోపల సంతోషమే అయింది. తాలూకాఫీసులో ఫైళ్లు చూసిన పద్ధతిలోనే నేను బైబిలు చూస్తాను. ప్రవచనానికి ఒక రంగు పెన్సిలు, ఆజ్ఞకు ఒక రంగు, ఏ మాట ఎక్కడెక్కడ వస్తుందో రాసిపెట్టుకున్న చీటీలు, పక్కన వ్యాఖ్యానాలు. మా సంఘంలో ఇంత వరసగా చదివినవాడు ఇంకొకడు లేడు. అయినా నన్నెవరూ వచ్చి ఒక మాట అడగరు. ఇన్నాళ్లకు సొంత చెల్లెలైనా అడిగింది గదా అని అద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు కాకముందే ఆమె చెయ్యెత్తింది.

"ఉండప్పా. ఈ మాట ఎవురు అంటాండేది?"

చెప్పాను.

"ఎవురితో?"

అదీ చెప్పాను, అధ్యాయం, వచనం అంకెలతో సహా. "అంకెలు నాకెందుకులే, మనిషి పేరు చెప్తే సాలు" అంది. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వడం వినబడింది. ఇంతలో చెల్లెలి ఫోను మోగింది. రాయదుర్గంలో ఆమె, ఆమె భర్త జీన్సు ప్యాంట్ల కుట్టు యూనిట్ నడిపారు. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. ఆదివారం సాయంత్రాలు ఆ షెడ్డులోనే ఆడవాళ్లు కూడి ఆమెతో వాక్యం చదువుతారు. మా ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఆ ఫోను ఊరుకోలేదు. "రూతక్కా, ఈ మాటకు ముందు ఏముంది, ఒకసారి సెప్పవా." నేను పుస్తకంలో వేలు పెట్టుకుని ఆమె మాట్లాడడం అయ్యేదాకా కూర్చునేవాణ్ని. ఆ కడుపుమంట నాకు కొత్తది కాదు. కంబదూరుకు ఆవల మా పల్లెలో, చెనిక్కాయల పొట్టు మధ్యన అంటుకున్నది.

మా పల్లెలో ఎండాకాలమంటే వేరుశెనగ విత్తనం కాయలు ఒలిచే కాలం. పెద్ద రైతుల ఇళ్ల నుంచి చెనిక్కాయల మూటలు మా వాకిట్లోకి వచ్చేవి. వాన పడే లోపల పప్పు చేసి పంపాలి. మిషన్లో వేస్తే పప్పు పగులుతుంది, పగిలింది మొలవదు, అందుకని చేత్తోనే ఒలవాలి. కాయలు కొంచెం తడిపి మెత్తబరిచి, బొటనవేలితో నొక్కి ఒలిచేవాళ్లం. సాయంత్రానికి గోళ్ల సందులు చీలి ఉప్పు తగిలితే మంట పుట్టేది. తడిసిన పొట్టు వాసన, ఎర్రమట్టి వాసన, లాంతరు కిరోసిన్ వాసన కలిసి మా ఇంటి వాసన అయ్యేది. ఒలిచేవాళ్లు పప్పు నోట్లో వేసుకోకూడదు. అది ఎవరి విత్తనమో వాళ్లది. దానికి మా నాయన ఒక ఉపాయం కనిపెట్టాడు. అందరూ ఒలుస్తుంటే ఒకరు గట్టిగా బైబిలు చదవాలి. "వాక్యం ఇనేటోని నోరు మెదల్దు" అనేవాడు.

నాయనకు అక్షరం రాదు. కానీ సంఘ పెద్ద. గుడి తాళం ఆయన దగ్గరే ఉండేది. ఆదివారం పొద్దున వేపకొమ్మకు వేలాడే రైలు కమ్మీ ముక్కను కొట్టి ఊరి క్రైస్తవులందరినీ పిలిచేది ఆయనే. బైబిలు ముట్టుకునే ముందు కాళ్లు కూడా కడుక్కునేవాడు. రెండు చేతులతో ఎత్తి, కళ్లకద్దుకుని, చదివేవాడి ఒళ్లో పెట్టేవాడు. ఆ చదివేవాణ్ని నేను. బోర్లించిన గంప మీద కూర్చునేవాణ్ని. చదివేవాడు ఒలవనక్కరలేదు, గోళ్లు చీలవు. సంగటి కుండ అడుగున మాడు అమ్మ వాడికే పెట్టేది, పైన ఇంత బెల్లం. లాంతరు వాడి పక్కకే జరిపేవాళ్లు. ఇవన్నీ నావే అనుకుని పెరిగాను.

చదువులో నాకు ఇంకో పేరుండేది. కంఠతా వాక్యాలు. మా పాస్టరు అయ్యగారు ఏటా ఒక అధ్యాయం ఇచ్చి, తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లలకు బహుమతి ఇచ్చేవారు. నాకు ఎప్పుడూ డైరీ వచ్చేది. డైరీ రాసే ఆ అలవాటు ఈనాటిదాకా తప్పలేదు. ఆయన నంద్యాల వైపు మనిషి. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆయనొక్కరే. నెలకొకసారి సైకిలు మీద, వెనక చిన్న పెట్టెలో రొట్టె, గిన్నె పెట్టుకుని మా ఊరికి వచ్చేవారు. శనివారం సాయంత్రం మా ఇంట్లో దిగి, ఆదివారం సంఘానికి రొట్టె పంచే ప్రభువు బల్ల జరిపి వెళ్లేవారు. మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పడం నా బాధ్యత, ఎందుకంటే తర్వాత చెప్పబోయేది వింటే కొందరికి అలా అనిపించకపోవచ్చు.

నేను కళ్యాణదుర్గం హాస్టల్లో చేరిన మరుసటి ఏడు వానలు అసలు పడలేదు. వేసిన విత్తనం నేలలోనే వేగిపోయింది. అలాంటప్పుడు మా వైపు కప్పతల్లిని ఊరేగిస్తారు. రోకలికి వేపమండల మధ్య కప్పను కట్టి, ఇద్దరు ఆడవాళ్లు భుజాన మోసుకుని పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటామె చెంబుడు నీళ్లు కప్ప మీద పోస్తే వాన వస్తుందని నమ్మకం. మా క్రైస్తవుల ఇళ్ల ముందు వాళ్లు ఆగరు, మనవాళ్లు బయటికి రారు. ఆ ఏడు మాత్రం మా చిన్నమ్మ వాకిట్లో నిలబడి ఉంది. అమ్మకు స్వయానా చెల్లెలు, సుందరమ్మ. భర్త బెంగళూరులో మట్టి పనికి పోయాడు, ఆమె కొడుకు ఏలియాతో మా పక్క గుడిసెలోనే ఉండేది. రోకలి మోసేవాళ్లు ఆమెతో రోజూ కూలికి పోయేవాళ్లే. చేతిలో చెంబు ఉంది, పోసింది.

ఆ చలికాలం ఏలియాకు జ్వరం వచ్చింది. వాణ్ని సైకిలు ముందు కడ్డీ మీద తువ్వాలతో తనకు కట్టుకుని కళ్యాణదుర్గం ఆస్పత్రికి తొక్కింది అయ్యగారే. ప్రాణం పోయిన వాణ్ని తిరిగి తెచ్చిందీ ఆయనే.

కొత్త సంవత్సరానికి ఆయన సంఘమంతటికీ ఒక వాగ్దాన వాక్యం ఇవ్వడం మా ఆనవాయితీ. అట్టముక్కల మీద తన చేత్తో రాసి ఇంటికొకటి ఇచ్చేవారు. మేము దాన్ని గోడకు అన్నం మెతుకులతో అంటించుకునేవాళ్లం. ఏడాది పొడుగునా ఆ మాట మా ఇంటిదని నమ్మేవాళ్లం. ఆ ఏడు ఇచ్చింది యోబు గ్రంథం ఎనిమిదో అధ్యాయంలోది. మొదలు కొంచెమే అయినా చివరికి ఎంతో వృద్ధి పొందుతావనే మాట. కరువులో ఉన్నవాళ్లకు అంతకంటే ఏం కావాలి? ఎక్కడ చూసినా అదే, దూలానికి, కిటికీ రెక్కకు, దొడ్డి తడికకు కూడా. ఆ అధ్యాయమే పిల్లలకు కంఠతా పెట్టారు. ఆ అధ్యాయం నుంచే ప్రసంగం చేశారు. అందులో ఆ మాటకు కొంచెం పైన ఇంకో మాట ఉంది: నీ పిల్లలు పాపం చేశారు, అందుకే ఆయన వాళ్లను వాళ్ల దోషానికి అప్పగించాడని. అయ్యగారు అది చదివి, కప్ప మీద నీళ్లు పోసిన ఇంట్లోకి చావు ఊరికే రాలేదన్నారు. సుందరమ్మ సంఘం ముందు నిలబడి తన పాపమే బిడ్డను తీసుకుపోయిందని ఒప్పుకుంటే తప్ప ప్రభువు బల్లకు రాకూడదన్నారు.

చిన్నమ్మ ఒప్పుకోలేదు. "నీళ్లు పోసింది నిజమే. అది ఎన్నిమార్లైనా చెప్తా. బిడ్డను సంపింది నేనేనని మాత్రం నా నోట రాదు" అంది. నెలనెలా గుడికి వచ్చేది. తలుపు పక్క చాప చివర కూర్చునేది. అందరూ రొట్టె తీసుకునేటప్పుడు కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. పళ్లెం పట్టుకుని వరస వెంబడి నడిచే మా నాయన ఆమె ముందు నుంచి చేతిలో ఏమీ లేనట్టు వెళ్లిపోయేవాడు. పాటలు ఆపింది. తిండి తగ్గింది. "నిజంగానే నా వల్లనేనేమో అక్కా" అని అమ్మతో అనడం మొదలుపెట్టిందట. ఇంకో నాలుగు నెలలు పోతే ఒప్పుకునేసేదే.

ఇదంతా నేను హాస్టల్లో ఉండగా జరిగింది. వేసవి సెలవులకు యోబు ఎనిమిదో అధ్యాయం ఒక్క అక్షరం పోకుండా నోటికి పట్టుకుని, అందరి ముందూ చదవాలని ఇంటికి వచ్చాను. లాంతరు వెలిగించి ఉంది, పొట్టు పోగులు పోగులుగా ఉంది, గంప బోర్లించి ఉంది. గంప మీద రూతు కూర్చుని ఉంది.

"వచ్చినావా దానం" అన్నాడు నాయన. "కూసో. ఆ చాట తీసుకో."

చాట తీసుకుని ఒలవడానికి కూర్చున్నాను. నా బొటనవేళ్లకు అలవాటు లేదు, మొదటి రోజే చీలాయి. ఆమె చదివే తీరు చూస్తే నాకు ఒళ్లు మండింది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు. వాక్యం మధ్యలో ఆగి, వెనక్కి పేజీలు తిప్పి, "ఇంతకుముందు మాట్లాడింది వేరే ఆయప్ప గదా నాయనా?" అనేది. నేను చదివినప్పుడు ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. ఇప్పుడు ఒలుస్తున్న వాళ్లందరూ జవాబులు చెప్తున్నారు. "అవును మే, నిన్న ఎలీఫజు మాట్లాడినాడు, ఆ పెద్దాయన." "బిడ్డలంతా పోయిన యోబును పలకరిచ్చేకి ముగ్గురు సావాసగాండ్లు వచ్చినారు గదా." ఊళ్లో రచ్చకట్ట కాడ పంచాయతీ విన్నట్టు వింటున్నారు. చిన్నమ్మ ఒలవడం ఆపి, చేతిలో కాయ పట్టుకుని ఆమె మొహమే చూస్తోంది. సంగటి మాడు అమ్మ రూతుకు పెట్టింది. నాకు గుర్తుంది. ఆ రోజు డైరీలో ఎండ గురించి మాత్రమే రాశాను.

మరుసటి రోజు మధ్యాహ్నం గోడ మీద అట్టను చూస్తూ ఆమె నన్నడిగింది. "అన్నా, ఈ మాట ఎవురన్నారు?"

"బైబిల్లో ఉంది."

"అది తెలుసులే. ఎవురి నోట్లోంచి వచ్చింది అని."

నాకు అధ్యాయమంతా నోటికి వచ్చు. మొదటి వచనంలోనే పేరుంది. శూహీయుడైన బిల్దదు. ఎన్ని వందల సార్లు ఆ పేరు పలికానో, పలికిన ప్రతిసారీ అది పాట ముందు తీసే రాగంలాగా పోయేది. "బిల్దదు" అన్నాను.

"యోబు సావాసగాడు గదా. ఆయప్ప చెప్పింది దేవుని మాట ఎట్లయితాది?"

"బైబిల్లో ఉన్నదంతా దేవుని మాటే."

"సైతాను మాట్లాడింది గూడా ఉండాది గదన్నా బైబిల్లో" అంది. ఎగతాళిగా కాదు. నిజంగానే అడిగింది. అదే నాకు ఎక్కువ మండింది. "కడదాకా సదివినాను. ఆ ముగ్గురి మీద దేవునికి కోపమొచ్చినాది. నా గురించి సరిగ్గా మాట్లాడలేదు మీరు అంటాడు. అట్లయితే సిన్నమ్మ మీద ఏసిన మాట గూడా ఆయప్పదే గదా."

ఆ జవాబు నా చేతికందే దూరంలోనే ఉండింది. దాన్ని నేను చూడలేదు, ఆమె చూసింది. కరువు సీమలో పక్క చేలో బోరు పడితే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు నేను ఇంకేం చెప్పనక్కరలేదు.

ఆ శనివారం అయ్యగారు వచ్చారు. అమ్మ కోడి కోసింది, ఊరుబిండి పచ్చడి నూరింది. సంగటి తిని ఆయన చెయ్యి కడుక్కుని, "ఏం దానం, అధ్యాయం వచ్చిందా?" అన్నారు. లేచి నిలబడి చేతులు కట్టుకుని మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పాను. ఎక్కడా ఆగలేదు. ఆయన నా వీపు తట్టారు. అది అయిన వెంటనే, ఆ చెయ్యి ఇంకా నా వీపు మీద ఉండగానే, రూతు తడిక పక్కనుంచి అడిగింది.

"అయ్యగారూ, అన్న ఇప్పుడు సెప్పింది దేవుడు సెప్పిన మాటలా, బిల్దదు సెప్పిన మాటలా?"

"నోరుముయ్ అమ్మీ" అంది అమ్మ.

అయ్యగారు నవ్వారు. "బిల్దదు చెప్పినవే. అయితే?"

"ఆయప్ప మీద దేవునికి కోపమొచ్చినాది గదా కడాకు. మరి మనం ఆయప్ప మాటను గోడకు అంటిచ్చుకున్యాము. ఆయప్ప మాటతోనే సిన్నమ్మను ఎడంగా కూసోబెట్నాము."

 నాయన తువ్వాలతో మొహం తుడుచుకుని నేల చూస్తున్నాడు. చిన్నమ్మ తన గుడిసె గుమ్మంలో, మాకు కనబడేంత దూరంలోనే ఉంది. అయ్యగారు బైబిలు అడిగారు. మొదట ఎనిమిదో అధ్యాయం తెరిచారు, తర్వాత చివరి అధ్యాయం. చదివారు. మళ్లీ చదివారు. నేను ఆయన మొహం చూస్తున్నాను. కోపగించుకోవాలని కోరుకున్నాను. కప్ప సంగతో, ఆడపిల్ల పొగరు సంగతో ఏదో ఒకటి అని ఆమెను కూర్చోబెట్టాలని కోరుకున్నాను. చిన్నమ్మ సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు లేదు.

"ఇది నీకు ఎవరు చెప్పినారమ్మా?" అన్నారు చివరికి.

"ఎవురూ సెప్పలేదు. మొదట్నించి సదివితే వస్తాది."

"మొదటినుంచి" అన్నారాయన, తనలో తను అనుకున్నట్టు.  పడుకునేదాకా ఆ బైబిలు ఆయన ఒళ్లోనే ఉంది.

ఆదివారం ఆయన తప్పు చేశానని సంఘం ముందు చెప్పలేదు. చెప్పారని ఇప్పుడు మా ఊళ్లో కొందరు కథలాగా చెప్తారు, అది నిజం కాదు. ప్రసంగం వేరే భాగం నుంచి చేశారు, తడబడుతూ చేశారు. బల్ల దగ్గర ప్రార్థన అయ్యాక పళ్లెం మా నాయన చేతికి ఇవ్వకుండా తనే పట్టుకుని ఆడవాళ్ల వైపు దిగారు. వరస మొదట్లో కాదు, నేరుగా తలుపు పక్క చాప చివరికి పోయారు.

చిన్నమ్మ కొంగు అడ్డం తియ్యలేదు. "నేను ఏమి ఒప్పుకోవల్ల అయ్యగారూ?"

"నీళ్లు పోసినావు గదా. అది చెప్పు."

"పోసినా. మన్నించమని దేవుణ్ని ఆ దినమే అడిగినా."

"ఇంకేం అక్కర్లేదు" అన్నారు.

ఆమె రొట్టె తీసుకుంది. వెంటనే తినలేదు, అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. తర్వాత తలెత్తి చూసింది. అయ్యగారి వైపు కాదు, నాయన వైపు కాదు. ఇంకా బల్లలో చెయ్యి వేసే వయసు రాని పిల్లల మధ్య ఉన్న రూతు వైపు చూసింది. ఆ ఏడే నాకు బల్లలో పాలుపంచుకునే అవకాశం దొరికింది. కొత్త చొక్కా వేసుకుని వరసలో ఉన్నాను. నా వంతు రొట్టె తిన్నాను. నమిలాను, మింగాను, ఏ రుచీ తెలియలేదు. తినడానికి అర్హత లేని పిల్లదానికి ఆ రోజు నాకంటే ఎక్కువ అందింది.

ఆ తర్వాత నేను చదివినంతగా బైబిలు మా వంశంలో ఎవరూ చదవలేదు. భక్తితోనే చదివానని చెప్పుకోవచ్చు, చెప్పుకుంటే అబద్ధమూ కాదు. కానీ ప్రతి పేజీ తిప్పేటప్పుడు నాకంటే ముందే రూతు అక్కడికి వచ్చిపోయిందేమోనని చూసుకునేవాణ్ని. ఇప్పుడు పొద్దున లేవగానే సంఘం వాట్సాప్‌లో వాక్యాలు వచ్చి పడతాయి, సూర్యోదయం, గులాబీలు, పైన ఒక వాగ్దానం. అన్నం మెతుకుల పని లేదు. ఆ బిల్దదు మాట ఏడాదికి ఎన్నోసార్లు వస్తుంది, బంగారు అక్షరాలతో. ఎవరన్నారని ఎవరూ అడగరు. నేను తెలిసి కూడా చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంటాను. రూతుకు వస్తే మాత్రం, తిరిగి ఫోను చేసి, పంపిన పిల్లకు నొప్పి కలగకుండా, ముందు పేజీ చదవమంటుంది. ఆ పని నాకు చాతకాదు. అప్పుడు లాంతరు వెలుగులో ఒకే ఒక బైబిలు చుట్టూ అంతమందిమి కూర్చుని తగువులాడుకున్నాం. ఇప్పుడు మా ఇంట్లోనే తలా ఒకటి ఉంది, ఫోన్లలో ఇంకొకటి. తగువు లేదు.

చిన్నమ్మ బాగా ముసలిదై, మంచం పట్టి, కళ్యాణదుర్గంలో మా పెద్దమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు నేను రోజూ పోయి చదివేవాణ్ని. ఊపిరి ఎక్కడ తియ్యాలో నాకు తెలుసు. ఆమె కళ్లు మూసుకుని వినేది. ఒక మధ్యాహ్నం చెయ్యి కదిపింది, ఆపాను.

"బాగా సదువుతావు నాయనా. రేడియోలో మాదిరి" అంది. కళ్లు తెరిచి, "రూతు ఎప్పుడొస్తాది?" అంది.

రూతు అదే రోజు కారులో వచ్చింది, చీర మీద నీలం దారపు పోగులు అట్లాగే ఉన్నాయి. మంచం పక్కన కూర్చుని చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది. బైబిలు తియ్యలేదు. నేను కాళ్ల వైపు నిలబడి ఉన్నాను.

"ఏమే, ఏలియా నా వల్ల పోలేదు గదా" అంది చిన్నమ్మ. అన్నేళ్ల తర్వాత.

"నీ వల్ల గాదు సిన్నమ్మా. సూసినాము గదా మనం."

"సూసినాము" అంది చిన్నమ్మ. మొహం గోడ వైపు తిప్పుకుని నిద్రపోయింది.

అదే జవాబు నా దగ్గరా ఉంది. ఏ అధ్యాయంలో ఉందో, ఏ వచనంలో ఉందో, ఏ వ్యాఖ్యానం ఏమంటుందో కూడా ఉంది. అన్ని రోజులు ఆమె తల దగ్గరే కూర్చున్నాను. ఆమె నన్నడగలేదు.